పదిహేడో మంచం

“కర్ణాకర్‌గాడు బాగుపడడు, సూడు! ఇంతమంది ఆడపిల్లల ఉసురు పోసుకున్నోడు ఏడికి పోయినా వానికి పుట్టగతులుండయి!”

బిడ్డ చదివిన నర్సింగ్ కాలేజీని నడిపిన కర్ణాకర్‌ను పొద్దటి నుంచి ఖుతుబుద్దీన్ ఇలా తిట్టడం ఇది నాలుగోసారి. మొదటిసారి ఖాజాబీ “ఔ మరి” అంది. రెండోసారి “ఊఁ” అంది. మూడోసారి జొన్నరొట్టెను పెనం మీద ధబాల్న వేసింది. ఆ చప్పుడే జవాబనుకోవాలి.

నాలుగోసారి జవాబు లోపలి గదిలో నుంచి వచ్చింది.

“కర్ణాకర్ ఒక్కడేనా బాపూ?”

నిన్న సాయంత్రం హైదరాబాద్ బస్సు దిగి ఇంటికొచ్చినప్పటి నుంచి ఉమైమా నోరు విప్పడం అదే మొదలు.

ఖుతుబుద్దీన్ చేతులు వాటంతట అవే భుజాల మీదికి పోయాయి. ముప్పై ఏళ్లుగా పరుపులు కుట్టే మనిషి. భుజాల మీద దూది ఉండటమూ మామూలే, దులుపుకోవడమూ మామూలే. కానీ ఇవాళ దుకాణం తెరవలేదు. దూదేకే మిషన్ స్విచ్చి వేయలేదు. లేని దూదిని దులుపుకుంటున్నానని తెలిసి, గుమ్మడికాయల దొంగ సామెత గుర్తొచ్చి, చేతులు దించుకున్నాడు.

“గా మాటకు అర్థమేందే ఉమ్మీ?”

“ఏం లేదు.”

“ఏం లేకుంటె ఎందుకన్నవ్?”



ఖాజాబీ పళ్లెంలో ఇంత అన్నం, ఇంత పప్పు పెట్టుకొని గుమ్మం దగ్గరికి పోయింది. ఏ కష్టానికైనా ఆమె దగ్గర ఒకటే మందు.

“రెండు ముద్దలు తిను బిడ్డా. మర్కూక్ బియ్యం. మన చేన్ల పండినయి. దుబ్బయ్య కౌలు కింద పంపిన బస్తా నిన్ననే ఇప్పిన. సూడు, ఎట్ల పువ్వు లెక్కున్నదో అన్నం.”

మర్కూక్ మాట చెవిన పడగానే ఖుతుబుద్దీన్ లేచి చెప్పుల కోసం వెతికాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. మళ్లీ కూర్చున్నాడు.

ఉమైమా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పళ్లెం అందుకోలేదు. చేతిలో సర్టిఫికెట్ల సంచి ఉంది. అవి తడవకూడదని పరుపుల చారల గుడ్డతో ఖుతుబుద్దీనే కుట్టి ఇచ్చిన సంచి.

“నిన్న ఏమైందో నువ్వు అడగలేదమ్మా.”

“నువ్వు చెప్తె గద బిడ్డా.”

“నర్సింగ్ కౌన్సిల్ ఆఫీసుల, నా ముందట కరీంనగర్ పిల్ల ఒకామె నిలబడ్డది. నా కన్న మార్కులు తక్కువ. కౌంటర్ల సారు ఆమె కాలేజీ పేరు కంప్యూటర్ల కొట్టిండు, ముద్రేసిండు. నా కాలేజీ పేరు కొట్టిండు...” ఉమైమా సంచిని చేత్తో నెట్టి చూపించింది. “ఫైలు ఇట్ల వెనుకకు నూకిండు. ‘మీ బ్యాచ్‌కు గుర్తింపు లేదమ్మా’ అన్నడు. కోపంగ కూడ అనలే. వెనుకామెను రమ్మన్నడు.”

“యూనివర్సిటీ డిగ్రీ ఇచ్చింది గదనే!” అన్నాడు ఖుతుబుద్దీన్.

“ఇచ్చింది. గోడకు తగిలేసుకోవచ్చు. దవాఖానల సూది పట్టాలంటె కౌన్సిల్ల నర్సుగ నా పేరెక్కాలె. నా పేరెక్కాలంటె నేను చదివిన నాలుగేండ్లు కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉండాలె. అది ఒక్కసారి ఇస్తె అయిపోయేది కాదు బాపూ. ఏటేటా వచ్చి చూసి, ఏటేటా ఇస్తరు. మాకు రెండో ఏడుతోనే తెగిపోయింది. వాళ్లు కోర్టుకు పోయి స్టే తెచ్చుకొని పరీక్షలు రాయించిన్రు. మాకు చెప్పలే. పోయిన నెల స్టే పాయె.”

“గదే నేనంటున్న. కర్ణాకర్‌గాడు...”

“బాపూ!”

ఖాజాబీ పళ్లెం గుమ్మం పక్కన దించింది.

“ఇంకోటి కూడ చెప్తా విను. మొన్న ఈడ ప్రైవేటు దవాఖానల ఇంటర్వ్యూకు పోయిన. ఒక ముసలాయనకు సెలైన్ ఎక్కించమన్నరు. నరం దొరకలే నాకు. మూడుసార్లు పొడిచిన. ఆయనే నన్ను ఓదార్చిండు, ‘పర్వలే బిడ్డా, నిమ్మలంగ చూడు’ అని. నాలుగేండ్లు ఏం చేసినమో ఎర్కనా? దిండ్లకు పొడిచినం. బత్తాయిలకు పొడిచినం. దవాఖాన ఉంటె గద మనుషులుండేది. సిగ్గుతోటి బయటికొచ్చి బస్టాండు దాంక తల ఎత్తలే.”

ఖాజాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఖుతుబుద్దీన్ నేల మీద ఉన్న దూది పోగు ఒకటి ఏరి, దాన్ని వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాడు. కర్ణాకర్‌ను తిట్టడానికి అయిదోసారి నోరు రాలేదు.

బయట స్కూటర్ ఆగింది. దాని వెనకే ఆటో.

స్కూటర్ దిగింది నాగేశం. పక్క గల్లీలో ఇనుప సామాన్ల దుకాణం అతనిది. ఇరవై ఏళ్లుగా పొద్దుటి చాయ్ ఇద్దరిదీ ఒకే హోటల్లో. ఈ ఇంటికి ఎప్పుడొచ్చినా గడప బయట నుంచే “ఒరే ఖుతుబూ” అని కేకేసి, లోపలికొచ్చి పరుపు మీద కాళ్లు చాపుకొని కూర్చునే మనిషి.

ఇవాళ లోపలికి వచ్చి స్టూలు లాక్కున్నాడు.

“ఏం సంగతి ఖుతుబుద్దీన్ గారూ?”

గారూ అన్నాడు. చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు.

అతని వెనక కూతురు రజిని వచ్చి గోడకు ఆనుకుంది. ఉమైమాదీ, ఆమెదీ ఒకే తరగతి, ఒకే బస్సు, ఇప్పుడు ఒకే గతి. ఆటోలో వచ్చింది ఎస్తేర్ మేడం. మెదక్ మనిషి. ఆ అభయసుధ నర్సింగ్ కాలేజీలో మూడో ఏడు పిల్లలకు పాఠం చెప్పడానికి చేరి, “మన దవాఖాన ఏది?” అని అడిగినందుకు ఆరు నెలలకే బయటికి రావలసి వచ్చిన టీచరు. నిన్న కౌన్సిల్ ఆఫీసు మెట్ల మీద ఏడుస్తున్న ఉమైమాకు మంచినీళ్లు తాగించి బస్సెక్కించింది ఈమే.

“కూసో నాగేశం, చాయ్ పెట్టిస్త...”

“నీ చాయ్‌కు రాలే. నీ మాట పట్టుకొని నా బిడ్డను ఆ కాలేజీల ఏసిన. యాదున్నదా? నా పెండ్లాం పద్మ ఒద్దన్నది. సర్కారు కాలేజీల సీటు రాకపోతె ఇంకో ఏడు చూద్దామన్నది. నువ్వేమన్నవ్?”

ఖుతుబుద్దీన్ చాయ్ గిన్నె కోసం పొయ్యి వైపు చూశాడు.

“చెప్పు, ఏమన్నవ్? ‘గేటు మీద బోర్డు చూసిన నాగేశం, ఇంత పెద్ద ముద్రున్నది, మంచి గ్రేడ్ ఉన్నదట’ అన్నవ్. నువ్వు అయిదో తరగతి, నేను ఏడో తరగతి. మనిద్దరం కలిసి ముద్ర చూసి మురిసినం. పద్మ పుస్తెలతాడు కుదువ పెట్టిన. నువ్వు చిట్టీ ఎత్తినవ్.”

చిట్టీ మాటకు ఖుతుబుద్దీన్ తల ఇంకా కిందికి దిగింది.

“ఆ ముద్ర ఈ కాలేజీది కాదు అన్నా,” అన్నది ఎస్తేర్ మేడం మెల్లగా. “వాళ్లకే ఇంకో చోట ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నది. గ్రేడ్ దానిది. రెండిటికీ యజమాని ఒకడే కాబట్టి బోర్డు తెచ్చి ఇక్కడ పెట్టుకున్నడు.”

“అంటె చెల్లె సంబంధానికి అక్క ఫోటో చూపెట్టిన్రన్నట్టు!” అన్నాడు నాగేశం.

“అంతే. గ్రేడ్ వేరు, గుర్తింపు వేరు. గ్రేడ్ అంటే కాలేజీ ఎట్ల నడుస్తుందో చెప్పేది. నర్సింగ్ పిల్లలకు ముందు కావలసింది కౌన్సిల్ గుర్తింపు. ఏ కాలేజీకి, ఏ ఏడు ఉన్నదో కౌన్సిల్ జాబితా పెడ్తది. ఫోన్‌ల చూసినా దొరుకుతది. బోర్డు అందరూ చూసిన్రు. జాబితా ఎవరూ చూడలే. మొదట నేను కూడ చూడలే, నన్ను నేనే అనుకోవాలె.”

ఖాజాబీ పీట తెచ్చి వేసింది. ఎస్తేర్ మేడం కూర్చొని సంచిలో నుంచి కాగితాలు తీసింది.

“ఇప్పుడు సంగతి వినండి. రేపు పదకొండు గంటలకు యూనివర్సిటీల కమిటీ కూర్చుంటది. కాలేజీ మోసం చేసిందని రుజువైతే ఈ పిల్లల్ని గుర్తింపు ఉన్న ఇంకో కాలేజీకి మారుస్తరు. తక్కువైన దవాఖాన ట్రైనింగు అక్కడ చేయిస్తరు. ఏడాది పోతది, కానీ రిజిస్ట్రేషన్ వస్తది. రుజువు కాకపోతే కోర్టుల కేసు తేలేదాంక కూర్చోవాలె. అది ఎన్నేండ్లో ఎవరూ చెప్పలేరు.”

“రుజువేం తక్కువున్నది?” అన్నది ఖాజాబీ. “పిల్లలే రుజువు గద!”

“కాలేజీ ఏమంటుందో తెలుసా అక్కా? ‘మాకు దవాఖాన ఉండె. మంచాలుండె, రోగులుండె. రెండో ఏడు తనిఖీకి వచ్చినోళ్లు కళ్లతో చూసి రాసిపోయిన్రు. తర్వాత నష్టమొచ్చి దవాఖాన మూతపడ్డది’ అంటుంది. ఇగో, వాళ్లు చూపించే ఫోటోలు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి తెచ్చిన.”

రంగు ఫోటోలు. ఎస్తేర్ మేడం ఒక్కొక్కటే గదిలో ఉన్న పరుపు మీద పరిచింది. పొడుగాటి హాలు. రెండు వరసల ఇనుప మంచాలు. మంచం మంచానికీ అంకె. మంచాల మీద దుప్పట్లు కప్పుకున్న మనుషులు.

ఖుతుబుద్దీన్ ఫోటోల వైపు చూడలేదు. ఎవరూ చూడమని అడగలేదు కూడా. అయినా ఆ హాలు గోడకు ఎక్కడెక్కడ పెచ్చులూడాయో అతను చెప్పగలడు.

నిన్ననే మేడం దగ్గర వాటిని చూసిన ఉమైమా ముందుకొచ్చి ఒక ఫోటో ఏరి తండ్రి ముందు పెట్టింది. ఖాళీ మంచం. దుప్పటి మూల కొద్దిగా తొలగింది. నీలం చారల పరుపు. తల వైపు కుడి మూలన చిటికెనవేలి గోరంత ఎర్ర మచ్చ.

“గిదేంది బాపూ?”

అది ఎర్రదారం ముడి. ఖుతుబుద్దీన్ తండ్రి నాటి ఆనవాయితీ. అయిదారేళ్లకు పరుపు మళ్లీ ఏకడానికి వచ్చినప్పుడు, అది మన చేతిదా కాదా అన్నది ఆ ముడే చెబుతుంది. సిద్దిపేటలో ఇంకెవరూ వేయరు. ఉమైమాకు ఏడేళ్లు వచ్చినప్పటి నుంచి ఆ ముడి వేయడం ఆమె పని. దబ్బనం బిడ్డ చేతికిచ్చి, “నువ్వు ముడేస్తె పరుపుకు బరకత్, కలిసొస్తది” అనేవాడు.

“యాభై పరుపులు,” అన్నది ఉమైమా. “పది రోజులు. కాలేజీ బస్సు దిగంగనే వచ్చి కూసుండి ముళ్లేసిన. గీ వేలు వాసింది. ఎవరివి బాపూ ఇన్ని అని అడిగిన. దుబ్బాకల కొత్త ఫంక్షన్ హాలు అన్నవ్.”

నాగేశం స్టూలు మీద నుంచి లేచాడు.

“అన్నవా? అట్లన్నవా?”

“మంచాలు టెంట్ హౌస్ లింగమూర్తివి,” అన్నాడు ఖుతుబుద్దీన్. “పరుపులే నావి. కర్ణాకర్ వచ్చిండు దుకాణానికి. ‘కాకా, నీ బిడ్డ కాలేజీ. తనిఖీ ఉన్నది. మంచాలు చాలకపోతే గుర్తింపు పోతది, పిల్లలు రోడ్డున పడ్తరు’ అన్నడు. రెండు దినాల మాటన్నడు. పిల్లల మంచికే గద అనుకున్న...”

“నా చేతితోనే ఏయించినవ్ బాపూ.”

ఉమైమా అరవలేదు. ఆ మాట అని ఫోటోను బోర్లా పెట్టింది.

“పిల్లల మంచికా?” నాగేశం అరిచాడు. “ఒరే, మా ఇంట్ల ఉప్పు తిన్న మనిషివి! ఒక్క మాట నాకు చెప్తె ఏంబోయె? దవాఖాన లేదట నాగేశం, దొంగ మంచాలు ఏస్తున్నరట అంటె, నా బిడ్డ చెయ్యి పట్టుకొని ఆ పొద్దే తీసుకొత్తును గద!”

ఎస్తేర్ మేడం చెయ్యెత్తి అతన్ని ఆపింది. తర్వాత ఆమె అన్న మాట మాత్రం నాగేశం తిట్టినదాని కంటే లోతుగా దిగింది.

“అన్నా, నేను మిమ్మల్ని తప్పుపట్టాలని కాదు. తెలుసుకోవాలని చెప్తున్న. వాళ్లు మంచాలు లెక్కపెట్టేది ఊరికే కాదు. ఒక్కో పిల్లకు ఇంతమంది రోగులు దొరికితేనే చెయ్యి తిరుగుతదని. ఆ రోజు హాలు ఖాళీగ కనబడి ఉంటే ‘లేవు’ అని రాసుకొని పోదురు. రెండో ఏడే పిల్లల్ని వేరే కాలేజీకి మారుద్దురు. ఈపాటికి ఇద్దరూ డ్యూటీల ఉందురు. ఆరు నెలలకు చెప్పకుండ మళ్లొచ్చి చూసి గుర్తింపు తీసేసిన్రు గాని, అప్పటికి కాలేజీ కోర్టు తోవ పట్టింది.”

పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చింది. ఖాజాబీ లేవలేదు.

ఖుతుబుద్దీన్‌కు ఒక్కటే తోచింది. బిడ్డ పడిపోకుండా పట్టుకున్నాననుకున్నాడు ఇన్నాళ్లు. పట్టుకున్నది బిడ్డను కాదు, గుంత మీద మూతను.

“రాసిస్త మేడం,” అన్నాడు చివరికి. “పరుపులు నావేనని రాసిస్త. నా దుకాణం పేరుతోటి రాసిస్త.”

“చాలు అన్నా. అది చాలా పెద్ద సాయం.” ఎస్తేర్ మేడం ఇంకో కాగితం తీసింది. “రోగులు కూడ దొంగ రోగులేనని తెలిస్తే ఇంక తిరుగుండదు. ఈ ఒక్క మంచం కాగితం దొరికింది. పదిహేడో మంచం. పేరు మల్లయ్య, వయసు యాభై, కడుపునొప్పి. నాడి చూసి రాసిన పిల్ల సంతకం ఉన్నది.” ఆమె తల తిప్పింది. “రజినీ, ఇది నీ సంతకమే గదా?”

రజిని గోడ దగ్గర నుంచే కాగితం వైపు చూసింది.

“ఔ మేడం.”

“ఎవరీ మనిషి? ముఖం కనబడ్తలేదు, గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నువ్వు చెయ్యి పట్టి చూసినవ్ గదా. ఎవరో గుర్తున్నదా?”

“యాద్ లేదు మేడం.”

“మంచిగ ఆలోచించు. అడ్డా మీది కూలి మనుషులా? ఎవరైనా...”

“యాద్ లేదు మేడం,” అన్నది రజిని మళ్లీ. అన్న తీరు, ముందే నేర్చుకొని వచ్చిన పాఠంలా ఉంది.

నాగేశంకు బిడ్డ తెలుసు. అబద్ధం చెప్పేటప్పుడు ఆ పిల్ల కుడికాలి బొటనవేలితో నేలను రాస్తుంది.

“నీకు యాదుంది. చెప్పు.”

“లేదు నాయినా.”

“నీ బతుకు మన్నైతుంటె ఎవన్ని దాస్తున్నవే? పైసలిచ్చిండా ఎవడన్న? కర్ణాకర్‌గాడు బెదిరిచ్చిండా?” నాగేశం చెయ్యి లేచింది. “చెప్తవా, పండ్లు రాలగొట్టాల్నా?”

రజిని కళ్లు మూసుకుంది. దెబ్బ కోసం చెంప ఇటు తిప్పింది కానీ నోరు విప్పలేదు. తిప్పినప్పుడు కూడా ఖుతుబుద్దీన్ ఉన్న వైపు చూడకుండా జాగ్రత్త పడింది.

ఆ జాగ్రత్త ఖుతుబుద్దీన్‌కు తెలుసు. రెండున్నరేళ్లుగా ఆ పిల్ల అతన్ని చూడకుండానే చూస్తున్నది.

ఆ రోజు పరుపులు వేసి చేతులు దులుపుకొని వెళ్లిపోవలసిన మనిషే. అడ్డా నుంచి రమ్మన్న కూలీల్లో ఒకడు తాగి పడిపోయి రాలేదు. పదిహేడో మంచం ఖాళీ. “గంట సేపు కాకా, నీ బిడ్డ కోసం,” అని కర్ణాకర్ దుప్పటి చేతికిచ్చాడు. ఉమైమాను ఆ పొద్దు ఇబ్రహీంపూర్‌లో ఇంటింటి సర్వేకు పంపానని కూడా చెప్పాడు. ఆ చివరి మాటకే ఖుతుబుద్దీన్‌కు తెలియవలసింది. చేసేది మంచి పనైతే బిడ్డను ఊరి బయటికి పంపడమెందుకు?

పడుకున్నాడు. తను కుట్టిన పరుపు మీద తనే దొంగలా పడుకున్నాడు. బూట్ల చప్పుడు మంచం మంచం దగ్గరా ఆగుతూ వచ్చింది. “ఏమైంది?” అని ఎవరో అడిగారు. “కడుపునొప్పి సారూ,” అన్నాడు గోడకు చెప్పినట్టు. “సిస్టర్, నాడి చూడమ్మా” అన్నారు. మణికట్టు మీద మూడు వేళ్లు పడ్డాయి. తల తిప్పితే రజిని.

గుండె ఇనుప దుకాణంలో సుత్తెలా కొట్టుకుంటున్నది. ఆ పిల్ల వేళ్లకు తెలియకుండా ఉంటుందా? నిమిషం సేపు గడియారం చూసింది. కాగితం మీద డెబ్బై రెండు అని రాసింది. వాళ్లు దాటిపోయాక, ఆమె చెయ్యి పట్టుకొని, “ఉమ్మీకి చెప్పకు బిడ్డా,” అన్నాడు. తల ఊపింది. అంతే.

“దాన్ని కొట్టకు నాగేశం.”

నాగేశం చెయ్యి గాలిలోనే ఆగింది.

“అది దాసేది నన్నే. ఆ మల్లయ్యను నేనే.”

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఖాజాబీ, “ఏ మల్లయ్య?” అంది అమాయకంగా. తర్వాత ఆమెకూ అర్థమైంది.

రజిని అలాగే గోడ వెంట జారి కింద కూర్చొని, మోకాళ్ల మధ్య తల పెట్టుకొని ఏడ్చింది. ఇన్నాళ్లు మోసిన మూట ఎవరో దించుకున్నట్టు ఏడ్చింది. నాగేశం ఎత్తిన చెయ్యిని ఏం చేయాలో తెలియక తన నెత్తి మీదే పెట్టుకున్నాడు.

“థూ,” అన్నాడు. అది ఎవరి మీదా కాదు. నేల మీద.

“పండుకున్నందుకు ఏమిచ్చిన్రు?” అడిగింది ఉమైమా.

“ఏం లేదు బిడ్డా.”

“ఏం లేదా?”

“ఉప్మా పెట్టిన్రు.”

“తిన్నవా?”

ఖుతుబుద్దీన్ తల ఊపాడు. తిన్నాడు. ఆకలిగా ఉండింది, తిన్నాడు. ఈ ఇంట్లో చెప్పుకోవలసిన సిగ్గులన్నిటిలోకీ అదే చెప్పడం కష్టమైంది.

ఉమైమా సంచిలో నుంచి తెల్లకాగితం తీసింది. ఎస్తేర్ మేడం దగ్గర కమిటీ ఇచ్చిన నమూనా అడిగి తీసుకుంది. పరుపు మీద కూర్చొని, ఒళ్లో అట్ట పెట్టుకుంది. అయిదో తరగతి చదువులో తండ్రికి ఇప్పుడు సంతకం ఒక్కటే మిగిలింది. ఈ ఇంట్లో అర్జీలు, బ్యాంకు ఫారాలు, ఏవైనా రాసేది ఆమే.

“సాక్షి పేరు?”

“ఉమ్మీ...”

“సాక్షి పేరు?”

“ఖుతుబుద్దీన్.”

“పని?”

“తెల్వదా నీకు?”

“అడిగి రాయాలె.”

“పరుపులు కుట్టుడు.”

“విద్యార్థినికి సాక్షి ఏమైతడు?”

ఈ ప్రశ్నకు ఖుతుబుద్దీన్ జవాబు చెప్పలేదు. చెప్పే హక్కు ఉందో లేదో తెలియక ఊరుకున్నాడు. ఉమైమా తర్వాత తనే రాసింది. కలం అంత గట్టిగా ఒత్తింది, ఆ రెండక్షరాలు కాగితం అవతలి వైపు తేలాయి.

మంచం అంకె, పరుపుల లెక్క, కర్ణాకర్ అన్న మాటలు, చెప్పుకున్న దొంగ పేరు. అడిగినవన్నీ చెప్పాడు. ఆమె అన్నీ రాసింది. మధ్యలో ఒకసారి కూడా తలెత్తలేదు. ఆఫీసు కౌంటర్లో మనిషి లాగే, కోపం కూడా లేకుండా.

“ఇంకొకటే ఉన్నది,” అన్నది ఎస్తేర్ మేడం. “సాక్షి ఏం నష్టపోయిండు అన్నది రాయాలె. లేకుంటే కాలేజీ వకీలు ఈ మనిషి పైసలకు సాక్ష్యం చెప్తుండు అంటడు. బిడ్డ ఫీజులు ఎక్కడి నుంచి తెచ్చి కట్టిండో, సరిగ్గ అదే రాయాలె. రుజువు అడుగుతరు.”

“చిట్టీ,” అన్నది ఉమైమా రాయబోతూ. “ఏ చిట్టీ బాపూ? ఎవరి కాడ?”

ఖాజాబీ అప్పటికి లేచింది. ఇంట్లో ఏమైనా సరే, ఇంటికొచ్చిన మనిషిని తిండి వేళకు ఖాళీ కడుపుతో పంపడం ఆమెకు రాదు. ఎస్తేర్ మేడం ముందు పళ్లెం పెట్టింది.

“తిను మేడం. మనసు బాలేకపోయినా కడుపు ఊకోదు. మర్కూక్ బియ్యం. మా అమ్మ ఇచ్చిన చేను. ఈయన నా పేరు మీద రాస్తనంటె, అల్లుడు నీతిమంతుడు, ఆయన పేరు మీదనే ఉండనియ్యి అన్నది. అంత నమ్మకం మా అమ్మకు. ఎవరెట్ల చేసినా, భూమి మాత్రం మోసం చెయ్యది.”

పళ్లెంలో అన్నం నిజంగానే పువ్వులా ఉంది. గంజ్‌లో కోమటి దుకాణంలో మంచి రకం అడిగి తెచ్చినవే. ఏటా రెండు బస్తాలు. దుబ్బయ్య నాటి పాత గోనె సంచుల్లోకి మార్చి, పురికొసతో మూతి కుట్టి, ఆటోలో వేసుకొని తెచ్చేది ఎప్పుడూ ఖుతుబుద్దీనే. దుబ్బయ్య ఆ చేను దున్నక నాలుగేళ్లయింది. ఇప్పుడు దాని చుట్టూ ఎవరిదో ప్రహరీ గోడ ఉంది.

“చెప్పు బాపూ,” అన్నది ఉమైమా. “చిట్టీ ఎవరి కాడ ఎత్తినవ్?”

కలం కాగితం మీద ఆనింది. కింద సంతకం పెట్టవలసిన కాగితం. మల్లయ్య అన్న పేరుతో ఇదివరకే ఒక అబద్ధం కాగితానికి ఎక్కించి వచ్చాడు.

ఖుతుబుద్దీన్ భార్య వైపు చూడలేదు. ఆమె చేతిలో గరిటె వైపు చూశాడు.

“చిట్టీ లేదు బిడ్డా. కొట్టెయ్యి. మర్కూక్ శివారు, బావి కాడి చేను అని రాయి. మొత్తం అమ్మిన. ఇరవై మూడు గుంటలు.”